గడప దీపం

గర్భిణుల చేతికి రక్తగాజు తొడగడం మొదలై పదేళ్లయింది. ఒంట్లో రక్తం నిండుగా ఉంటే ఆ రబ్బరు గాజు ఎర్రగా ఉంటుంది, తగ్గేకొద్దీ పాలిపోతుంది. గడప పైన బిగించిన దీపమూ దాని రంగే చూపిస్తుంది. మా వాడకట్టులో పాలిపోయిన దీపం మాదొక్కటే.

ఆ ఆదివారం నా భార్య పుష్పలీలకు శ్రీమంతం. చుట్టాలు వచ్చే వేళయింది. వాళ్ల ముందు తలవంపులెందుకని, ఆమె గాజు తీసి మా అమ్మ చేతికి తొడిగాను.

"జెరసేపు పెట్టుకోయే అమ్మా. నువ్వు గట్టి మనిషివి."

"నాకేమైతది, పెట్టు."

దీపంలో ఉన్న కాస్త ఎరుపూ పోయింది. తెల్లకాగితంలా వెలుగుతున్న ఆ దీపం కింద, అప్పుడే వచ్చిన చుట్టాలు ఆగిపోయారు.

"అత్తమ్మా, కండ్లు తిరుగుతయా మీకు?" పుష్పలీల కంగారుగా అడిగింది.

"వీడు కడుపుల పడ్డప్పటి సంది తిరుగుతనే ఉన్నయి బిడ్డా. ఆడోళ్లకు మామూలే గద," అమ్మ నవ్వింది.

మా ఇంట్లో ఆడవాళ్లు తినేది నేను తిని లేచాకే. ఆదివారం మాంసం కూర వండితే కార్జం ముక్కలన్నీ నా కంచంలోకే వస్తాయి. ఆ పూట కూడా అప్పటికే తిని చేయి కడుక్కున్నాను.

పుష్పలీల అమ్మ చేతి గాజు తీసి నా ముందు పట్టుకుంది.

"మీరు గూడ పెట్టుకోండ్రి, చూద్దాం."

అందరూ చూస్తుండగా తొడుక్కున్నాను. గడప దీపం నెత్తురులా ఎర్రగా వెలిగింది.