తేనెటీగల మీద దయ

అమెరికాలో, ఇర్వింగ్‌లో శేషగిరిరావు ఇంటి ముందు గడ్డి మోకాలెత్తు పెరిగింది. దాని నిండా డాండెలియన్ పూలు పసుప్పచ్చగా విరబూశాయి. గడ్డి కోసే మోవర్ పట్టుకుని రమ్మని అతను ఫోన్ చేస్తే ఏసుపాదం ఆశ్చర్యపోయాడు. ఇద్దరిదీ ఒకే ఊరు, ఇక్కడ ఒకే ఆఫీసులో ఇంజనీర్లు.

"తేనెటీగల కోసం వదిలేశానన్నారు కదండీ? మీరు చెప్పారని మా ఆవిడ కూడా లాన్ కట్ చెయ్యనివ్వడం లేదు," అన్నాడు స్టేషన్ వ్యాగన్‌లోంచి మోవర్ దించుతూ.

"పక్కింటి తెల్లాయన సిటీ ఆఫీసుకి కంప్లైంట్ చేస్తానన్నాడు. ఈగా లేదు, దోమా లేదు. అడిగినవాళ్లకి ఏదో ఒకటి చెప్పాలి కదా."

"మరి ఇన్నాళ్లూ ఎందుకు కొయ్యలేదు?"

"నేనా? గడ్డి కొయ్యడం మా ఇంటా వంటా లేదు." శేషగిరిరావు పోర్చిలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మీ నాన్న మా పొలం గట్ల మీద ఎంత నున్నగా కోసేవాడో. ఆ చెయ్యి ఎక్కడికి పోతుంది? కానియ్యి."

ఏసుపాదం మోవర్‌ని తోసుకెళ్లి సరిగ్గా అతని కుర్చీ ముందు నిలబెట్టాడు.

"ఈ తాడు గట్టిగా లాగితే స్టార్ట్ అవుతుంది. చెప్పులతో వద్దు, షూస్ వేసుకోండి," అని చెప్పి బండెక్కాడు.