ఆవకాయలో రెండోసారి ఉప్పు

పడుచుతనంలో ముక్కులోంచి దూరిన కరోనా శిరీష మామ్మకి ఇన్నేళ్లకు బుర్రకెక్కిందనీ, ఆవకాయలో రెండుసార్లు ఉప్పు పోసేసిందనీ పక్కింటి లావణ్య వీధంతా చెప్పుకొచ్చింది. చాటింది లావణ్యే అయినా, ఆ తప్పు పట్టుకున్నది మాత్రం మామ్మ చేతికి కట్టిన యంత్రపు పట్టీ. ఒకప్పుడు కరోనా సోకిన ముసలివాళ్లందరి చేతికీ ఇప్పుడు అదే. మతిమరుపు కనిపెడితే మోగుతుంది; అది మోగిందంటే ఆ ఇంట్లో పొయ్యిని ఇక వెలగనివ్వదు.

ఆవేళ పట్టీ మోత విని కోడలు హన్విక వంటింట్లోకి పరిగెత్తింది.

"అత్తయ్యా, ఇక మీరు వంట జోలికి రాకండి. డాక్టరుగారికి కబురు పెడతాను."

మామ్మ జాడీలోంచి చెయ్యి తియ్యలేదు. "మూడోనాడు తిరగగలిపి, రుచి చూసి, చాలకపోతే ఉప్పు వెయ్యరటే? నీ పట్టీ ఎన్ని జాడీలు పెట్టిందేమిటి?"

హన్విక గుండెల మీద బరువు దిగిపోయింది. "అమ్మయ్య! అయితే మీకేం లేదన్నమాట," అని నవ్వుతూ మోత ఆపింది. డాక్టరు మాట అక్కడితో మరిచిపోయింది.

మామ్మ వేళ్లకంటిన పిండి జాడీ అంచుకు రాసింది.

"డాక్టర్ని రమ్మనవే. పొద్దున్న కేకేద్దామంటే నీ పేరు ఎంతకీ గుర్తు రాలేదు. అప్పుడు మోగలేదేం ఇది?"