మాట సాయం

"ఇది కూడా పోయింది సార్" అంటూ చెదలమ్మ గైడు గారి గది గుమ్మంలోనే ఆగిపోయింది.

ఆ పేరు ల్యాబులోవాళ్ళు పెట్టింది. చెదపురుగులు కర్రను ఎలా అరిగించుకుంటాయో తేల్చాలని, పీజీ అయిన దగ్గర్నుంచీ వాటిని గాజు పెట్టెల్లో సాకుతోంది మరి. ఆ పని ముందుకు సాగాలంటే యూరప్‌లో జీతమిచ్చి పీహెచ్‌డీ చేయించే యూనివర్సిటీ ఏదో ఒకటి దొరకాలి. సొంత ఖర్చుతో వెళ్ళే స్తోమత ఎక్కడిది? తండ్రి దర్జీ.

ఎక్కడ చూసినా ఒకటే తంతు. ఇంటర్వ్యూలో తెగ మెచ్చుకుంటారు. ఎప్పుడు బయల్దేరగలవని కూడా అడుగుతారు. మీ గైడుతో ఒక్క మాట మాట్లాడి చెబుతామంటారు. ఆ తర్వాత మన్నించమంటారు, అంతే. పోనీ ఇంకోసారి చూద్దామంటే, ఆ ఫెలోషిప్పులు పీజీ అయిన కొన్నేళ్ళలోపు వాళ్ళకే. ఆమె గడువు ఈ నెలతో సరి.

గైడు గారు మండిపడ్డారు. వాళ్ళ మొహం, వాళ్ళకేం తెలుసన్నారు. ఆమెను బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టి, తన సీసాలోని మంచినీళ్ళే తాగించారు. ఆయన మంచితనానికి ఆమెకు ఏడుపు ఇంకా ముంచుకొచ్చింది.

"నాలోనే ఏదో లోపం ఉంది సార్. అదేమిటో ఒక్కరూ చెప్పరు. చెబితే దిద్దుకుందును కదా. ఇక నా వల్ల కాదు. రేపట్నుంచి నాన్న పక్కన కూర్చుని గుండీలు కుట్టుకుంటాను. ఆ పురుగుల్ని ఎవరికైనా ఇచ్చేయండి."

అంతలో ఆమె ఫోన్ మోగింది. ఈసారి వద్దన్న యూనివర్సిటీ ప్రొఫెసరే. నన్నెందుకు వద్దన్నారో ఒక్క ముక్క చెప్పండని పొద్దున పెట్టుకున్న మొరకు జవాబన్నమాట. పాపం, ఆ పెద్దావిడ మొహమాటపడుతూనే చెప్పింది. పనిలో వంక పెట్టడానికేమీ లేదట. అందరికన్నా ముందు ఆమెనే అనుకున్నారట. కానీ ఇంట్లోవాళ్ళ సిఫార్సు మీద ఎవరినీ తీసుకోకూడదట. పైగా బంధుత్వం దాచిపెట్టడం ఇంకా పెద్ద తప్పట. ఆ సీటు వేరేవాళ్ళకి ఇచ్చేశామని, ఇక చేయగలిగిందేమీ లేదని చెప్పి పెట్టేసింది.

చెదలమ్మకు తల తిరిగిపోయింది. ఇంట్లోవాళ్ళ సిఫార్సేమిటి, ఖర్మ కాకపోతే? నాన్నకు తెలిసిన పెద్దమనుషులంతా కొలతలివ్వడానికి వచ్చేవాళ్ళేనాయె.

"వీళ్ళు నన్ను ఇంకెవరో అనుకున్నారు సార్" అంది.

"అదెలా అనుకుంటారు?" గైడు గారు ఫోన్ కోసం చెయ్యి చాపారు. "ఇలా ఇవ్వు, నేను మాట్లాడతా. నువ్వెవరో ఆవిడకి అంత విడమరిచి చెప్పానే. ఆవిడకనేముంది, నీ గురించి ఎక్కడి నుంచి ఎవరడిగినా అదే చెప్పానమ్మా. 'కూతురు లాంటిది' అంటే మాట పలచబడుతుందని, అందరికీ 'నా కన్నకూతురే' అన్నాను."