పొలిమేరమ్మ కదిలింది

హద్దురాయి దగ్గరికి వచ్చి జట్కా ఆగిపోయింది. నర్సు సుబ్బరత్నం సంచీ ఒళ్ళో పెట్టుకుని, బండి దిగకుండా కూర్చుంది.

"రా అమ్మా! అదిగో మా ఇల్లు, కనపడతానే ఉంది," అన్నాడు గురవయ్య.

"కనపడితే ఏం లాభం? మునిసిపాలిటీ ఈ రాయితో సరి. పోయిన నెల జాలిపడి దాటినందుకు మెమో ఇచ్చారు. మళ్ళీ దాటితే ఉద్యోగం ఊడుతుంది. నాకూ పిల్లలున్నారయ్యా."

రాళ్ళపాలెం పట్నాన్ని ఆనుకునే ఉంటుంది. పట్నంలో ప్రతి మేడకూ రాయి కొట్టింది ఈ పాలెంవాళ్ళే. అయినా వీళ్ళు పట్నం లెక్కలోకి రారు. ఉన్న ఒక్క డాక్టరూ యుద్ధంలోకి వెళ్ళిపోయాక, కష్టమైన పురుడు పోయగలిగింది ఈ నర్సు ఒక్కతే. గురవయ్య భార్య రామాయమ్మ తెల్లవారుజాము నుంచీ నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది.

"పోనీ, మంచం మీద మోసుకొస్తాం."

"ఇప్పుడు కదిలిస్తే దారిలోనే పోతుంది."

ఇంట్లోంచి కేక వినిపించింది. గురవయ్య పక్క గోడకు ఆనించి ఉన్న పలుగు అందుకున్నాడు.

"రాయి మా ఇంటికి అవతల ఉంటే వస్తావా?"

"రాయి ఎక్కడుంటే అక్కడిదాకా వస్తాను. పాతింది నేను కాదు, పెకలిస్తే చూసేదీ నేను కాదు," అని నర్సు మొహం అటు తిప్పుకుంది.

పలుగు నేలకు దిగకముందే పొరుగింటి పిచ్చమ్మ అడ్డం వచ్చింది.

"ఒరేయ్ గురవా! పొలిమేరమ్మ మీదనా పలుగెత్తేది? కళ్ళు పోతయ్!"

ఆమె తప్పేం లేదు. రాయి నిండా పసుపు, కుంకుమ. మునిసిపాలిటీ చెక్కించిన అక్షరాలు ఏనాడో మూసుకుపోయాయి. ఆ రాయికి దణ్ణం పెట్టనిదే పాలెంలో ఒక్క మగాడూ క్వారీకి వెళ్ళడు.

"పిన్నీ, రామాయమ్మ చచ్చిపోతది!"

"అమ్మ కదిలితే పాలెమంతా చస్తది!"

ఆడవాళ్ళంతా వచ్చి రాయి చుట్టూ నిలబడ్డారు. ఇంట్లోంచి మళ్ళీ కేక. ఈసారి సన్నగా, ఓపిక లేనట్టుగా వచ్చింది. గురవయ్య పలుగు పట్టుకునే భోరుమన్నాడు.

అప్పుడు ఇంట్లోంచి అతని తల్లి మాణిక్యమ్మ జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చింది. రాయి ముందు ఊగిపోతూ అరిచింది.

"ఏందే! ఎన్నాళ్ళు నన్ను ఈడనే ఎండబెడతారు? ఒక్కనాడన్నా ఊరేగించారా? ఆ పురిటింటి అవతల నిలబెట్టండి నన్ను! లేదంటే ఇంటికో శవం లేస్తది!"

పిచ్చమ్మ చెంపలు వేసుకుంది. "శాంతించు తల్లీ, శాంతించు!" అంటూ తానే వేపమండలు తెచ్చింది. గురవయ్య రాయి మొదట్లో పలుగు దించాడు. మగవాళ్ళు రాయిని పెకలించి భుజాలకెత్తారు. డప్పు మోగింది. దాని వెనకే బండివాడు మన్సూర్ జట్కా కదిలించాడు. రాయి ఇల్లు దాటి నేలకు ఆనీ ఆనకముందే నర్సు గడప దాటి లోపలికి వెళ్ళిపోయింది.

డప్పు ఆగింది. లోపల్నుంచి ఏ చప్పుడూ లేదు. గురవయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. పిచ్చమ్మ రాయికి మొక్కుకుంటోంది. ఎంతసేపు గడిచిందో ఎవరికీ తెలియదు.

చివరికి బిడ్డ ఏడుపు వినపడింది.

"తల్లీబిడ్డలిద్దరూ క్షేమం," అంది నర్సు తలుపు తీసి.

గురవయ్య రాయికి సాష్టాంగపడ్డాడు. లేచి, తల్లి చేతులు పట్టుకున్నాడు.

"అమ్మా! ఎంత చల్లని తల్లే! సమయానికి నీ మీదికొచ్చి కాపాడింది."

మాణిక్యమ్మ చుట్టూ ఒకసారి చూసి, కొడుకు చెవి దగ్గరికి వంగింది.

"నోరు మూసుకో. పట్నమోళ్ళు ఈ రాయిని మనిల్లు దాటిస్తే ఇంటిపన్ను పడుద్దని, ఎవరూ కదపకుండా దీనికి మొట్టమొదట పసుపు పూసింది నేనేరా."