గొర్రె పళ్ళెం, మేక పళ్ళెం

“మేక,” అన్నాడు రెండాల్, ఎముకను గొర్రె పళ్ళెంలో పెడుతూ.

మెరన్ చేతిలోని బ్రష్షు టప్పున బల్ల మీద పడేసింది. “నోటితో మేకంటారు, తీసుకెళ్ళి గొర్రెల్లో పెడతారు! ఏదో ఒకటి తేల్చుకోండి రెండాల్ గారూ.”

పెద్దాయన సిగ్గుపడ్డట్టు నవ్వాడు. పాఠం చెప్పే థోరా మాత్రం కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

“పళ్ళెం సంగతి వదిలెయ్యండి. పేరు చెప్పండి. మళ్ళీ.”

“మే... మేక.”

“మళ్ళీ.”

ఆర్క్‌నీ దీవి గాలి మ్యూజియం వెనక గది కిటికీల్ని బాదుతోంది. మెరన్‌కి ఒళ్ళు మండిపోతోంది. శుక్రవారం పరీక్ష. తవ్వకాల్లో దొరికిన ఎముకలు ముందు పోసి, ఏది ఏ జంతువుదో చెప్పమంటారు. నెగ్గితే వేసవంతా తవ్వకాల్లో ఉద్యోగం. తప్పితే పక్క దీవిలోని పీతల ఫ్యాక్టరీకే తిరుగు పడవ, ఎంత తోమినా వదలని ఆ నీచు వాసన. ఆవు, పంది, సముద్రంలో ఉండే సీలు ఎలాగో పట్టుబడ్డాయి. గొర్రె, మేక దగ్గరే ప్రాణం పోతోంది.

“థోరా గారూ, ఇది కాస్త చూస్తారా?”

“ఒక్క నిమిషం. రెండాల్ గారూ, ఇదేమిటి?”

“కుక్క,” అన్నాడాయన, సీలు దవడను సీళ్ళ డబ్బాలో సర్దుతూ.

మెరన్ తల పట్టుకుంది. ఇంతలో పెద్దాయన చెయ్యి చాచి, ఆమె ముందున్న కాలి ఎముకను తీసుకున్నాడు. గొర్రె పళ్ళెంలో తాను పెట్టిన ఎముక పక్కన ఆనించి, ఒకదాని సన్నటి నడుమునూ, రెండోదాని వెడల్పాటి చివరనూ బొటనవేలితో నిమిరాడు.

“ఇది... ఇది... పిల్లి,” అన్నాడు.

“చాల్లెండి మహానుభావా!” అంటూ లాక్కుంది మెరన్.

ఆయన మొహం చిన్నబోయింది. లేచి టీ కప్పులు కడగడానికి వెళ్ళాడు. తలుపు మూసుకోగానే మెరన్ ఇక ఆగలేకపోయింది.

“నేను వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను. ఆయనకి ఈ జన్మకి రాదు. పొద్దుపోక వచ్చే ముసలాయన కోసం నా పొట్ట కొడతారా?”

థోరా కోప్పడలేదు.

“పోయిన చలికాలం ఆయనకి పక్షవాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ తిరిగొచ్చాయి. మాటలే రాలేదు. కప్పుని ‘చెప్పు’ అంటారు, కూతుర్ని పిలవబోయి చెల్లెలి పేరంటారు.”

మెరన్ గొంతు తగ్గింది. కానీ విసుగు తగ్గలేదు. “పాపమే. అయితే మాత్రం ఆ మాటలేవో ఇంట్లోనో ఆస్పత్రిలోనో నేర్చుకోవాలి గానీ, ఈ ఎముకల మధ్య ఎందుకు? అదీ మీరెందుకు?”

థోరా లేచి, తలుపు వైపు ఒకసారి చూసింది.

“నాకు ఎముకలు నేర్పింది ఆయనే.”