చంటోడి బీసీజీ

ముసలావిడ ఆసుపత్రికి ఫోన్ చేసి, "బీసీజీ ఇచ్చేవాళ్ళకి కలుపు నాయనా" అంది. ఆపరేటర్ టీకాల గదికి కలిపాడు.

"మా చంటోడికి ఒళ్ళు కాలిపోతోందమ్మా!"

"బీసీజీ పడ్డాక కాస్త జ్వరం మామూలే" అంది నర్సు. ఈ మాట ఆమె రోజుకి ఇరవైసార్లు అంటుంది.

"ఇప్పించి ఏడు నెలలైంది తల్లీ! నెల్లాళ్ళుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం. మా కోడలేమో అంతా నా గారాబమేనంటుంది. తనకేం, పొద్దున్నే ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. దగ్గరుండి చూసుకునేది నేను కదా!"

ఆవిడ మొదలుపెడితే ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగదు. వయసు, బరువు రాసుకుందామని పెన్ను పట్టుకున్న నర్సుకి సందు దొరకలేదు.

"బాబు ఏడుస్తున్నాడా?"

"ఏడిస్తే బాగుండు. మూలుగుతున్నాడు. నడుం కదిపితే కెవ్వుమంటున్నాడు. రెండు ముద్దలు తినేసరికి మొహం తిప్పేస్తున్నాడు."

"ఒంటేలు?"

"బానే పోస్తున్నాడు. ఇప్పుడు ఎరుపు లేదు. కానీ పొట్టమీద చెయ్యి పెడితే లోపల దడదడా కొట్టుకుంటోందమ్మా. నాకు భయంగా ఉంది."

నర్సు ఆవిడని లైన్లోనే ఉండమని, పక్కనున్న పిల్లల డాక్టరుకి అంతా చెప్పింది. ఆయన తాగుతున్న కాఫీ పక్కన పెట్టేశాడు.

"బీసీజీలో ఉండేవి బతికున్న క్రిములే, కాకపోతే నీరసించినవి. ఎక్కడో ఒకరికి అవి రక్తంలో పడి, గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళాన్ని పట్టుకుంటాయి. దాని గోడ పుచ్చిపోయి ఉబ్బుతుంది. పగిలిందంటే ఇక మన చేతుల్లో ఉండదు. కానీ ఇంత పసివాళ్ళకి రావడం నేనెప్పుడూ వినలేదు!"

"వెంటనే ఎత్తుకొచ్చేయండమ్మా!" అని ఫోన్లో అరిచింది నర్సు.

"ఎత్తుకోవడం నావల్ల ఎక్కడవుతుందే తల్లీ! బొద్దుగా ఉంటాడు. కారులో తెస్తాం."

అరగంటలో స్కానింగ్ గది ఖాళీ చేయించారు. రక్తనాళాల సర్జన్ పరుగెత్తుకొచ్చాడు. పిల్లల డాక్టరు గుమ్మంలోనే కాపు కాశాడు. పసివాడు బెదిరితే ఆడించడానికి ఓ గిలక్కాయ కూడా చేతిలో పట్టుకున్నాడు.

కారు వచ్చి ఆగింది.

చక్రాల కుర్చీలోంచి చెయ్యి చాచి, మూత్రాశయ క్యాన్సర్‌కి బీసీజీ ఎక్కించిన కాగితాలు డాక్టరుకి అందిస్తూ, ఆయన ఆడిస్తున్న గిలక్కాయ వంక తెల్లబోయి చూశాడు అరవై మూడేళ్ళ చంటోడు.