ఏడో పెట్టె

"మీదీ కాక, మీదీ కాక, మరి ఏడో పెట్టె ఎవరిది?"

ఇంజినీరు అడిగాడు. ఎవరూ మాదనలేదు.

ఆసుపత్రి అడుగు అంతస్తులో కిటికీలు లేని చల్లటి గది అది. గోడ వెంట పన్నెండు సర్వర్లు నిలబడి ఉన్నాయి. అక్కడ అందరూ వాటిని పెట్టెలనే అంటారు. ఏ విభాగం వాళ్ళు ఆ విభాగానికి ఎప్పుడెప్పుడో తెచ్చి పెట్టుకున్నవి. ఇప్పుడు ఆ పన్నెండింటి పనినీ రెండు పెద్ద పెట్టెల్లోకి మార్చాలి. లోపల ఎవరి చోటు వాళ్ళకు ఉంటుంది. సమాచారం వచ్చే దారీ పోయే దారీ మాత్రం అందరికీ ఉమ్మడి. అందుకని ఎవరి రాకపోకలు ఎంత ఉంటాయో ముందే తేల్చాలి. ఆ ప్రణాళిక సాయంత్రానికల్లా సూపరింటెండెంటు బల్ల మీద ఉండాలి.

ఉమ్మడి అనేసరికి పేచీలు మొదలయ్యాయి. ఎక్స్‌రే ఆయన తమ బొమ్మలు బరువైనవనీ, దారిలో సగం తమకే కావాలనీ అన్నాడు. మందుల కొట్టు ఆయన, అయితే తన చీటీలు ఆ బొమ్మల వెనక వరుసలో నిలబడాలా అని అడిగాడు. రక్తపరీక్షల ఆవిడ తాను ఎవరి వెనకా నిలబడేది లేదని తేల్చేసింది. ఇంజినీరు అందరికీ తలా ఇంత రాసి పంపేశాడు. పదకొండు పెట్టెలకు మనుషులు తేలారు. ఏడోదానికి తేలలేదు. దాని మీద అంటించిన కాగితం మీద అక్షరాలు చెరిగిపోయాయి. పెట్టిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. రాకపోకలు చూస్తే ఉండీ లేనట్టు ఉన్నాయి.

గదిలో వైర్‌మన్ ఒక్కడే మిగిలాడు. ఆసుపత్రిలో అందరికీ మామ అతను.

"ఆపి చూద్దాం మామా. ఎవరిదైతే వాళ్ళే అరుస్తారు," అన్నాడు ఇంజినీరు.

ఆ పనిలో అది పాత పద్ధతే. ఎవరిదో తెలియని పెట్టెను ఆపి, ఒక గంట చూస్తారు. ఎవరూ అరవకపోతే అది అక్కర్లేనిదని లెక్క.

"నాకెందుకో మనసొప్పట్లేదు అల్లుడూ. కరెంటు తింటోందంటే ఏదో చేస్తూనే ఉండుంటుంది," అన్నాడు మామ.

"తినేవాళ్ళంతా పనిచేస్తే ఈ ఆసుపత్రి ఎప్పుడో బాగుపడేది."

మామ నవ్వి, పదింటికి మీట నొక్కాడు. ఏడో పెట్టె దీపాలు ఆరిపోయాయి.

ఇద్దరూ ఫోను పక్కన కూర్చున్నారు. ఇంజినీరు మనసు మాత్రం మూడో అంతస్తులో ఉంది. అక్కకు ఆపరేషనై రెండు రోజులైంది. అమ్మ పోయాక అతన్ని పెంచింది ఆ అక్కే. ఇంకో రెండు రోజులు గడిస్తే గండం గడిచినట్టేననీ, ఈలోగా ఏమాత్రం ఊపిరి అందకపోయినా వెంటనే నర్సును పిలవాలనీ డాక్టరు మరీ మరీ చెప్పాడు. అక్క నీళ్ళకీ పిలిచేది, దిండు జారినా పిలిచేది. నర్సు ఆ మాట మొహమాటపడుతూ అతని చెవిన వేసింది. పొద్దున పనిలోకి దిగేముందు అతను పైకి వెళ్ళి అక్కను మందలించాడు.

"ఊరికే పిలవకు అక్కా. వాళ్ళకి ఇంకా ముప్పై మంది ఉన్నారు."

"సరేలేరా పెద్దమనిషీ. ప్రాణం మీదికొస్తేనే పిలుస్తాను, సరేనా?" అని అక్క నవ్వింది. కుట్లు లాగి మళ్ళీ మూలిగింది. తను అలా మందలించినందుకు అప్పట్నుంచీ అతనికి లోపల గుచ్చుకుంటూనే ఉంది.

పదిన్నరకు ఫోను మోగింది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. తీస్తే ఎక్స్‌రే ఆయన. సగం కుదరకపోతే మూడో వంతైనా ఇమ్మని బతిమాలుతున్నాడు. ఆయన పెట్టెకేమైనా ఇబ్బందా అని అడిగితే, అబ్బే, భేషుగ్గా ఉందన్నాడు.

ఆ తర్వాత మళ్ళీ ఫోను మోగలేదు. పదకొండయింది. మామ మరో పావుగంట చూద్దామన్నాడు. చూశారు. గదిలో మిగిలిన పదకొండు పెట్టెల హోరు తప్ప ఇంకేమీ లేదు.

ఇంజినీరు కాగితం మీద ఏడో నంబరుకు ఎదురుగా 'అక్కర్లేదు' అని రాశాడు. దారి పంపకం చక్కగా కుదిరింది. మెట్లెక్కుతుంటే ఒళ్ళు తేలికైనట్టు అనిపించింది. పొద్దున అన్నదానికి అక్కకు క్షమాపణ చెప్పాలనుకున్నాడు.

వార్డు మొదట్లో నర్సు తీరిగ్గా టీ తాగుతోంది. అతన్ని చూసి నవ్వింది.

"మీ అక్కగారికి ఏం చెప్పారు సార్? పది తర్వాత ఒక్కసారి కూడా పిలవలేదు."

"కాస్త గట్టిగానే చెప్పాను. నొచ్చుకుందో ఏమో."

"ఆవిడే కాదండీ, వార్డు మొత్తంలో ఒక్కరూ పిలవలేదు. ఉద్యోగంలో చేరాక ఇంత హాయైన పూట చూళ్ళేదు. నిద్రపోతున్నారేమోనని నేనూ కదపలేదు."

అక్క గది వరండా చివర ఉంది. తలుపు దగ్గరగా వేసి ఉంది. చప్పుడైతే లేస్తుందేమోనని అతను మెల్లగా తోశాడు.

అక్క తలుపు వైపే తిరిగి పడుకుంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"అక్కా," అన్నాడు.

పలకలేదు. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది.

అక్క బొటనవేలు నర్సును పిలిచే బెల్లును ఇంకా నొక్కిపట్టే ఉంది.